మార్చాలా, ఆగాలా? వ్యాపారంలో పెద్ద నిర్ణయానికి ముందు వేయాల్సిన లెక్క



ఏళ్ల తరబడి ఒక తీరుగా నడిచిన వ్యాపారాన్ని పెద్ద ఎత్తున మార్చాలా, వద్దా? వ్యాపారం నడిపేవాళ్లకు ఏదో ఒకనాడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. తండ్రి పెట్టిన కిరాణా కొట్టును సూపర్ మార్కెట్‌గా మార్చాలా అని ఒకరు ఆలోచిస్తుంటారు. ఇంట్లో పదిమంది ఆడవాళ్లతో కలిపించే పచ్చళ్లకు యంత్రాలు తెచ్చి అమెరికా దాకా పంపాలా అని ఇంకొకరు. బజారులోని చీరల దుకాణం ఎత్తేసి ఫోన్లోనే అమ్ముకుందామా అని మరొకరు. ఈ ఆలోచనతో కంటికి కునుకు రాని కుటుంబాలు మన చుట్టూ చాలా ఉన్నాయి.

ఇలాంటి నిర్ణయం వెనుక బ్యాంకు తాకట్టుకు వెళ్లబోయే ఇల్లు ఉంటుంది. పిల్ల పెళ్లికని దాచిన బంగారం ఉంటుంది. నమ్ముకుని పనిచేస్తున్న నలుగురి జీతాలు ఉంటాయి. కాబట్టి దీన్ని ధైర్యానికీ అదృష్టానికీ వదిలేయకూడదు. కూర్చుని, కాగితం మీద పెట్టి, ఓపిగ్గా తేల్చుకోవాలి. ఎలా తేల్చుకోవాలో ఈ కాస్త సమయంలో మీతో పంచుకుంటాను.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది. మార్పు మంచిదా, చెడ్డదా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. అడగవలసినవి రెండు ప్రశ్నలు. మార్చిన తర్వాత అనుకున్నట్టు జరగకపోతే మనం నిలబడగలమా? అసలు మార్చకుండా ఉంటే నిలబడగలమా? ఈ రెండింటికీ రూపాయల్లో లెక్క వేసి, ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోవాలి. ఉత్సాహం ఎక్కువున్నవాళ్లు మార్పు వల్ల వచ్చే లాభమే లెక్కేస్తారు. భయం ఎక్కువున్నవాళ్లు మార్పు వల్ల వచ్చే నష్టమే లెక్కేస్తారు. కదలకుండా ఉన్నందుకు ఎంత పోతుందన్నది మాత్రం ఇద్దరిలో ఎవరూ లెక్కేయరు.

ముందుగా ఆ లెక్క సంగతే చూద్దాం.

ఫొటోల వ్యాపారం మనందరికీ తెలిసిందే. 1975లో అమెరికాలోని కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు ఫిల్ము అక్కర్లేని డిజిటల్ కెమెరా తయారుచేశాడు. మూడున్నర కిలోలకు పైగా బరువుండేది. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. అప్పటికి కొడాక్ బతుకంతా ఫిల్ము, దాన్ని కడిగే రసాయనాలు, ప్రింటు వేసే కాగితం మీదే ఉంది. ఆ లాభం బాగున్నన్నాళ్లూ దాన్ని తగ్గించే పని చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? తర్వాతి కాలంలో డిజిటల్ కెమెరాలు కూడా అమ్మింది కానీ, ఫిల్ము ఇచ్చిన రాబడికి సాటి వచ్చేది దొరకలేదు. 2012 జనవరిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లింది.

అదే ఫిల్ము అమ్ముకునే జపాన్ కంపెనీ ఫ్యూజీఫిల్మ్‌కూ ఇదే గండం వచ్చింది. 2000 ప్రాంతంలో ఫిల్ము అమ్మకాలు ప్రపంచమంతటా శిఖరానికి చేరి, అక్కణ్నుంచి జారడం మొదలైంది. ఆ కాలంలో సంస్థ పగ్గాలు పట్టిన షిగెటాకా కొమోరి తమ దగ్గర ఏయే విద్యలు ఉన్నాయో లెక్క తీయించాడు. పలచటి పొరలను సమానంగా పూయడం వాళ్లకు తెలుసు. కొలాజెన్ గురించి తెలుసు. రంగు వెలిసిపోకుండా ఆపడం తెలుసు. ఆ విద్యలతోనే టీవీ, కంప్యూటర్ తెరలకు కావలసిన పొరలు చేశారు. 2007 నాటికి చర్మ సంరక్షణ క్రీములు అమ్మకానికి పెట్టారు. మందుల రంగంలోకి వెళ్లారు. ఫిల్ము పోయినా కంపెనీ నిలిచింది.

రెండు కంపెనీలకూ వచ్చిన కష్టం ఒకటే. ఉన్నచోటే ఉంటే పదేళ్లకు ఏమవుతుందన్న లెక్కను ఫ్యూజీ ముందే కళ్లెదుట పెట్టుకుంది.

మరి మన దుకాణానికి ఆ లెక్క ఎలా వేసుకోవాలి? గత ఐదేళ్ల పుస్తకాలు తీయండి. మొత్తం అమ్మకం ఎన్ని రూపాయలన్నది చూసి సంతోషపడొద్దు. ధరలు ఏటా పెరుగుతాయి కాబట్టి రూపాయల అంకె దానంతటదే పెరుగుతుంది. ఎన్ని చీరలు అమ్మారు, ఎన్ని బస్తాలు పోయాయి, ఎన్ని ప్లేట్లు లేచాయి అన్నది లెక్కించండి. రూపాయలు పెరుగుతూ, బేరాలు తగ్గుతున్న దుకాణాలు చాలా ఉంటాయి. ఆ తగ్గుదల గల్లాపెట్టెలో కనిపించడానికి ఏళ్లు పడుతుంది. రెండోది, మీ దగ్గరకు వచ్చేవాళ్లలో పాతికేళ్లు, ముప్పై ఏళ్ల లోపు వయసువాళ్లు ఎంతమంది? పాత బేరగాళ్లే వస్తూ కొత్తవాళ్లు రాకపోతే, ఆ వ్యాపారానికి ఆయుష్షు తగ్గుతున్నట్టే. మూడోది, మీ ఒక్కరికే తగ్గిందా, ఆ బజారులో అందరికీ తగ్గిందా? అందరికీ తగ్గితే కాలం మారిందని అర్థం. మీ ఒక్కరికే తగ్గితే సరుకులోనో, మర్యాదలోనో, ధరలోనో లోపం ఉందని అర్థం. దానికి లక్షలు పోసి రూపం మార్చనక్కర్లేదు, ఆ లోపం దిద్దుకుంటే చాలు.

ఈ లెక్క చూసుకోవడానికి మనసు అడ్డుపడుతుంది. మన చేత్తో పెంచిన వ్యాపారం కదా. 1985లో ఇంటెల్ కంపెనీలో ఇదే జరిగింది. కంప్యూటర్ మెమరీ చిప్‌లతో ఎదిగిన సంస్థ అది. జపాన్ కంపెనీలు నాణ్యతలోనూ ధరలోనూ దెబ్బ మీద దెబ్బ కొడుతున్నాయి. అయినా మెమరీ చిప్‌లు వదిలేయడమంటే పుట్టిల్లు వదిలినంత బాధ. అప్పుడు ఆండీ గ్రోవ్ తన పై అధికారి, కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన గోర్డన్ మూర్‌ను ఒక మాట అడిగాడు. మనిద్దరినీ తీసేసి, బోర్డు కొత్తవాణ్ని తెచ్చి కూర్చోబెడితే అతను ఏం చేస్తాడు? మెమరీ వ్యాపారం వదిలేస్తాడని మూర్ వెంటనే చెప్పాడు. అయితే ఆ పని మనమే ఎందుకు చేయకూడదన్నాడు గ్రోవ్. ఈ సంగతిని ఆయనే తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. మెమరీ చిప్‌లు వదిలి మైక్రోప్రాసెసర్ల మీదే దృష్టి పెట్టారు. తేలిగ్గా జరగలేదు. 1986లో 17 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది, వేలమంది ఉద్యోగాలు పోయాయి. తర్వాత దశాబ్దాలపాటు ప్రపంచ కంప్యూటర్ రంగంలో ఇంటెల్‌దే పైచేయి అయింది.

ఈ కథలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. కొత్త వ్యాపారం వాళ్ల చేతిలో అప్పటికే ఉంది. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌లో ఉన్నది ఇంటెల్ ప్రాసెసరే. ఎక్కువ లాభం ఇచ్చే చిప్‌కే ఫ్యాక్టరీలో ఎక్కువ చోటు ఇవ్వాలన్న నియమం వల్ల, పెద్దలు నిర్ణయం తీసుకోకముందే ఫ్యాక్టరీ మేనేజర్లు మెమరీ చిప్‌ల తయారీ తగ్గిస్తూ వచ్చారు. అంటే వాళ్లు చీకట్లోకి దూకలేదు. చిన్నగా నడుస్తూ, నిలబడుతుందని రుజువైన దాని వైపు జరిగారు.

ఇక రెండో లెక్కకు వద్దాం. మార్చి దెబ్బతింటే ఏమవుతుంది? దీన్ని మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణతో వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే అయినా, లెక్క వేసే పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది.

ఒక పట్నంలో భార్యాభర్తలు టిఫిన్ సెంటర్ నడుపుతున్నారనుకుందాం. రోజుకు 300 ప్లేట్లు, ప్లేటు 50 రూపాయలు. పప్పు, బియ్యం, నూనె, గ్యాసు కలిపి ప్లేటుకు 30 రూపాయల ఖర్చు పోను 20 మిగులుతుంది. రోజుకు 6 వేలు, నెలకు లక్షా 80 వేలు. అందులో అద్దె 15 వేలు, ఐదుగురు పనివాళ్ల జీతాలు 75 వేలు, కరెంటు వగైరా 10 వేలు, మొత్తం లక్ష పోతుంది. 80 వేలు మిగులుతాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఇద్దరూ పడే కష్టానికి వేరే జీతం రాసుకోరు. అది ఆ 80 వేలలోనే ఉంది.

పక్క వీధిలో ఏసీ హోటల్ వచ్చింది. మనమూ పెడదాం అనుకున్నారు. కొత్త హాలు, ఏసీలు, బల్లలు, వంటగది సామాను అన్నీ కలిపి 18 లక్షలు. ఆరు లక్షలు చేతిలో ఉన్నాయి, 12 లక్షలు అప్పు. 12 శాతం వడ్డీతో ఐదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు 26,700. అద్దె 15 వేల నుంచి 45 వేలయింది, అంటే అదనంగా 30 వేలు. కరెంటు బిల్లు అదనంగా 12 వేలు. ముగ్గురు కొత్త పనివాళ్లు, 45 వేలు. సొంత ఆరు లక్షలను బ్యాంకులో ఏడు శాతానికి వేసుకుంటే నెలకు 3,500 వచ్చేది, అదీ ఇప్పుడు పోయినట్టే. అన్నీ కూడితే నెలకు అదనపు భారం లక్షా 17 వేల 200. పాత లక్షతో కలిపితే 2 లక్షల 17 వేల 200.

ప్లేటు ధర 70 చేశారు. చట్నీలు, నాప్కిన్లు పెరిగి ఖర్చు 32 అయింది. ప్లేటుకు 38 మిగులుతుంది. ఇప్పుడు భాగించి చూడండి. రోజుకు 191 ప్లేట్లు అమ్మితే ఖర్చులన్నీ తీరతాయి, ఇంటికి ఒక్క రూపాయి మిగలదు. 261 అమ్మితే పాత 80 వేలే మిగులుతుంది. 322 అమ్మితేనే నెలకు దాదాపు లక్షన్నర మిగిలి, పడ్డ శ్రమకు ఫలితం దక్కుతుంది.

ఈ మూడు అంకెలు చేతికి రాగానే ప్రశ్నే మారిపోతుంది. ఏసీ హోటల్ మంచి ఆలోచనేనా అని అడిగితే ఊళ్లో తలా ఒక మాట చెబుతారు. 70 రూపాయలకు రోజుకు 261 ప్లేట్లు, వానొచ్చినా, శ్రావణమాసమైనా, పరీక్షల కాలమైనా సగటున అమ్ముడుపోతాయా అని అడిగితే దానికి తిరిగి చూసి జవాబు తెచ్చుకోవచ్చు. ఆ ఏసీ హోటల్ ఎదుట నిలబడి ప్లేట్లు లెక్కపెట్టవచ్చు. ఆదివారం వెళితే అన్ని హోటళ్లూ నిండుగానే కనిపిస్తాయి, మంగళవారం ఉదయం వెళ్లండి. ఇప్పుడు మీ దగ్గర తినే 300 మందిలో ఆటో డ్రైవర్లు, కూలీలు, విద్యార్థులు ఎంతమందో చూడండి. వాళ్లకు 20 రూపాయలు చిన్న మొత్తం కాదు. వాళ్లలో సగంమంది ఆగిపోతే, ఆ స్థానంలో ఎవరొస్తారో పేర్లతో సహా చెప్పగలగాలి.

ఇంకొకటి. కొత్త హోటల్ మొదటి రోజునుంచే నిండదు. మొదటి ఆరు నెలలు రోజుకు 120 ప్లేట్లే లేచాయనుకోండి. నెలకు 80 వేల చొప్పున లోటు, ఆరు నెలలకు 4 లక్షల 80 వేలు. ఆ ఆరు నెలలూ ఇంటి ఖర్చు ఆగదు కదా, నెలకు 40 వేలనుకున్నా మరో 2 లక్షల 40 వేలు. అంటే ఈ మార్పుకు అసలు పెట్టుబడి 18 లక్షలు కాదు, పాతిక లక్షలకు పైనే. వ్యాపారాలు చాలావరకు కూలిపోయేది ఇక్కడే. ఆలోచన మంచిదే అయి ఉంటుంది, గిరాకీ కూడా ఏడో నెలలో వచ్చేదే. అప్పటిదాకా ఆగడానికి చేతిలో డబ్బుండదు.

ఇప్పుడు అప్పు దొరకడం ఒకప్పటంత కష్టం కాదు. 2015లో మొదలైన ముద్ర పథకం కింద పది లక్షల దాకా, ముందు తీసుకున్న పెద్ద అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకు 20 లక్షల దాకా రుణాలున్నాయి. అవి చిన్నవాళ్లకు ఎంతో మేలు చేసే రుణాలు. అయితే బ్యాంకు అప్పిచ్చిందంటే మీ ఆలోచనకు ఆమోదముద్ర వేసిందని అనుకోవద్దు. తీర్చే భారం మీది. 191 ప్లేట్ల లెక్క మీరే వేసుకోవాలి.

ఇంతకూ ఆ దంపతులకు ఉన్నవి రెండు దారులేనా? ఇదే హోటల్‌ను సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా కూడా తెరిస్తే? అద్దె పెరగదు, అప్పు అక్కర్లేదు. ఇద్దరు పనివాళ్లకు 30 వేలు, కరెంటుకు ఐదు వేలు. సాయంత్రం 150 ప్లేట్లు అమ్మినా నెలకు 90 వేలు వస్తాయి, ఖర్చులు పోను 55 వేలు మిగులు. మొత్తం లక్షా 35 వేలు. పాతిక లక్షలు ఒడ్డి 322 ప్లేట్లు అమ్మితే వచ్చేదానికి ఇది పెద్ద దూరంలో లేదు. గిరాకీ లేకపోతే రెండు నెలల్లో మానేయవచ్చు, పోయేది కొద్ది వేలు. పెద్ద మార్పు గురించి ఆలోచించే ప్రతివాళ్లూ, అందులో పదోవంతు ఖర్చుతో దాదాపు అంత ఫలితం ఇచ్చే మూడో దారి ఉందేమో వెతకాలి. చాలాసార్లు ఉంటుంది.

లెక్క సరిపోయిందనుకుందాం. అయినా ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది. బేరగాళ్లు మన దగ్గర నిజంగా కొంటున్నది ఏమిటి? అది తెలియకుండా మార్చితే, వాళ్లకు కావలసిందాన్నే మన చేత్తో తీసేసినట్టవుతుంది.

1985 ఏప్రిల్ 23న కోకా కోలా కంపెనీ తన పానీయం రుచి మార్చింది. తొందరపడి చేసిన పని కాదు. దాదాపు రెండు లక్షల మందికి తాగించి చూశారు. కొత్త రుచే బాగుందని ఎక్కువమంది చెప్పారు. అయినా జనం తిరగబడ్డారు. కంపెనీకి రోజూ వందలకొద్దీ ఫోన్లు, సంచులకొద్దీ ఉత్తరాలు. 79 రోజులకు, జులై 11న, పాత పానీయం తిరిగి తెస్తున్నామని ప్రకటించవలసి వచ్చింది. ఏ రుచి బాగుందని అడిగారే కానీ, మీరు చిన్నప్పటినుంచి తాగుతున్నది ఇక దొరకదంటే ఏమంటారని గట్టిగా అడగలేదు. జనం కొనుక్కుంటున్నది ఒక్క రుచినే కాదు, ఎన్నో ఏళ్ల అలవాటును కూడా. మన పట్నాల్లోనూ అంతే. పాత మిఠాయి దుకాణాన్ని అద్దాలతో మెరిపించి, పూతరేకులు చుట్టే మనిషిని మార్చేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

దీనికి ఎదురుగా మన దేశంలోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కథ నిలుస్తుంది. మద్రాసులో 1955 నుంచి బుల్లెట్ మోటారు సైకిళ్లు చేస్తున్న సంస్థ. 2000 నాటికి దాని పరిస్థితి చాలా దిగజారింది. బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు ఉన్నారు, కానీ నూనె కారే ఇంజను, స్టార్టు చేయడంలో తిప్పలు చూసి కొత్తవాళ్లు వెనక్కి తగ్గేవారు. ఆ సంవత్సరం దాని బాధ్యత తీసుకున్న సిద్ధార్థ లాల్ వయసు ఇరవై ఆరేళ్లు. ఇంజను మార్చాలి. మారిస్తే ఆ డుగ్ డుగ్ శబ్దం పోతుందేమో, పాత అభిమానులు దూరమవుతారేమోనన్న భయం. ఆయన ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు అని విడదీశాడు. కుడికాలి కిందున్న గేరు ఎడమకు వచ్చింది. ఇంజను లోపలంతా కొత్తదైంది, నమ్మకం పెరిగింది. పాత బండి రూపం, కూర్చునే తీరు, ఆ గంభీరమైన శబ్దం పోకుండా కాపాడారు. మాతృసంస్థ ఐషర్ కూడా ట్రాక్టర్ల వ్యాపారాన్ని 2005లో అమ్మేసి, చాలా చిన్న వ్యాపారాలు వదిలేసి, కొన్నింటి మీదే మనసు పెట్టింది. 2010లో ఏడాదికి సుమారు 50 వేల బండ్లు అమ్మిన కంపెనీ, 2015 నాటికి నాలుగు లక్షలు దాటింది.

ఇలా విడదీయడానికి మన తెలుగు నేలమీద ఇంకా గొప్ప ఉదాహరణ ఉంది. నల్గొండ ప్రాంతంలో, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజిపేట అనే ఊరు. అక్కడి నేతన్న కుటుంబంలో పుట్టినవాడు చింతకింది మల్లేశం. పోచంపల్లి తరహా పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. కొయ్యమేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాలి. నాలుగైదు గంటల పని. ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే ఆ శ్రమ. వాళ్లమ్మ లక్ష్మి భుజాలు నొప్పితో పడిపోవడం చూసి మల్లేశం యంత్రం చేయాలని పూనుకున్నాడు. చాలా ఏళ్లు తంటాలు పడి, 1999 నాటికి పూర్తిచేసి, అమ్మ పేరుతోనే లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

వ్యాపారం చేసేవాళ్లు ఆయన నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. చేనేతకు గడ్డుకాలమని అందరూ అంటున్న రోజులవి. మగ్గం తీసేసి మరమగ్గం పెట్టుకోవడమే దారి అనేవాళ్లకు కొదవ లేదు. అలా చేస్తే నేత వేగం పెరిగేది, కానీ కొనేవాళ్లు వెతుక్కుంటూ వచ్చే చేనేత పనితనమే పోయేది. మల్లేశం నొప్పి ఎక్కడుందో అక్కడే చెయ్యి పెట్టాడు. అద్దకం, నేత, చేతి పనితనం అలాగే ఉన్నాయి. అమ్మల భుజాలు విరిచే ఒక్క పని మారింది. ఆ ఒక్క మార్పుతో ఒక ఇంట్లో రోజుకు ఒకటో రెండో చీరలకే ఆసు పోయగలిగే చోట ఆరేడు చీరలకు పోయగలిగారు. మీ వ్యాపారాన్ని మార్చాలనుకున్నప్పుడు ముందు ఇదే చూడండి. పని ఎక్కడ ఆగుతోంది? మనిషి ఎక్కడ అలిసిపోతున్నాడు? బేరం ఎక్కడ చెయ్యి జారుతోంది? ఆ ఒక్కచోట మారిస్తే సరిపోతుందా? సరిపోతే మిగతాదాన్ని ముట్టుకోవద్దు.

ఇక పెద్ద మార్పే తప్పదని తేలితే, దాన్ని ఎలా మొదలుపెట్టాలి? వెనక్కి రాగలిగే అడుగులు ముందు, వెనక్కి రాలేనివి చివర. అద్దెకు తీసుకున్న యంత్రాన్ని తిరిగి ఇచ్చేయవచ్చు, కొన్న యంత్రాన్ని సగం ధరకు అమ్ముకోవాలి. ఒక కొత్త సరుకును పండగ నెలలో పెట్టి చూడవచ్చు, పాత సరుకు మానేస్తే దాన్ని నమ్ముకున్న బేరగాళ్లు మరో దుకాణానికి అలవాటు పడతారు. దుకాణం పేరు, చోటు, చాలాకాలం పనిచేసిన మాస్టర్ లాంటి మనుషులు పోతే తిరిగి దొరకడం దాదాపు అసాధ్యం. వాటి మీద చెయ్యి వేసే ముందు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాలి.

మొదలుపెట్టకముందే ఆగే గీత కూడా గీసుకోవాలి. ఎనిమిది నెలలకు రోజుకు ఇన్ని ప్లేట్లు రాకపోతే ఆపేస్తాం, ఇంటి పత్రాలు మాత్రం తాకట్టు పెట్టం అని ముందే రాసి, ఇంట్లోవాళ్ల ఎదుట చదవండి. నష్టం మొదలయ్యాక మనిషి మనసు స్థిమితంగా ఉండదు. ఇంత పెట్టాం కదా, ఇంకొంచెం పెడితే పోయింది తిరిగొస్తుందన్న ఆశ లాగుతుంది. పోయిన డబ్బు పోయిందే. ఇకమీద పెట్టబోయే ప్రతి రూపాయికీ లెక్క కొత్తగా వేసుకోవాలి. ఆ ఘడియలో మిమ్మల్ని కాపాడేది మనసు ప్రశాంతంగా ఉన్న రోజున రాసుకున్న ఆ కాగితమే.

ఈ లెక్కలు వేసేటప్పుడు ఒంటరిగా కూర్చోవద్దు. ఎక్కడ నూనె వృథా అవుతోందో మాస్టర్‌కు తెలుసు. బేరగాళ్లు ఏమడిగి లేదనిపించుకుని వెళుతున్నారో కౌంటర్ దగ్గరుండే కుర్రాడికి తెలుసు. ఇంటి ఖర్చులో ఎన్ని నెలలు బిగించుకోగలరో ఇల్లాలికి తెలుసు. మార్పు వచ్చాక దాన్ని మోయవలసింది కూడా వాళ్లే. వాళ్లను అడగకుండా తీసుకున్న నిర్ణయం ఎంత తెలివైనదైనా, మొదటి కష్టం రాగానే ఒంటరిదవుతుంది. యంత్రం అమ్మేవాళ్ల మాట వినండి, కానీ వాళ్ల లెక్కతో సరిపెట్టుకోవద్దు. అదే యంత్రం కొని రెండేళ్లు నడిపినవాళ్లను, వీలైతే పక్క జిల్లావాళ్లను వెతికి వెళ్లి అడగండి. మీతో పోటీ లేనివాళ్లు కాబట్టి దాపరికం లేకుండా చెబుతారు.

శ్రోతలారా, ఇవన్నీ వేసి చూశాక మీ జవాబు వద్దు అని వస్తే, దాన్ని పిరికితనం అనుకోకండి. పక్కవాడు మార్చాడని, మేనల్లుడు చెప్పాడని, ఊళ్లో పరువని ఇల్లు తాకట్టు పెట్టకుండా ఆగడానికి చాలా గుండె నిబ్బరం కావాలి. జవాబు అవును అని వస్తే ఆ రోజుతో అనుమానాలు పక్కనపెట్టి నిండు మనసుతో దిగండి. సగం మనసుతో చేసిన మార్పుకు ఖర్చు మొత్తం అవుతుంది, ఫలితం సగమే వస్తుంది. ఏ జవాబు వచ్చినా ఆ కాగితాన్ని పారేయకండి. ఏడాది తర్వాత మళ్లీ తీసి, అప్పటి అంకెలతో సరిచూడండి. మన కుటుంబాల కష్టార్జితానికి మనం ఇవ్వగలిగిన గౌరవం అదే. ఈ వారంలోనే ఒక సాయంత్రం దుకాణం కట్టేశాక, ఇంట్లోవాళ్లతో కలిసి ఆ మొదటి లెక్క మొదలుపెట్టమని మిమ్మల్ని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.